శ్రీమతి పరీక్షకు పన్నెండో వారం

మా క్లినిక్కులో సాఫ్ట్‌వేర్ పెట్టించుకోమని వచ్చిన కుర్రాడు, "ఇక కాగితమన్నది కంటికి కనపడదు సార్" అన్నాడు. నాకు చివుక్కుమంది. డాక్టర్లకు కాగితం చేసిన మేలు తక్కువా? 1816లో పారిస్‌లో లెనెక్ అనే డాక్టరు ఒక యువతి గుండె చప్పుడు వినాల్సి వచ్చి, ఛాతీకి చెవి ఆనించడానికి మొహమాటపడి, కాగితాలు గొట్టంలా చుట్టి దాంతో విన్నాడు. ఇప్పుడు మా మెడల్లో వేలాడే స్టెతస్కోపుకు అదే మూలపురుషుడు. ఇదంతా చెబితే కుర్రాడు శ్రద్ధగా విని, "దాన్ని కూడా స్కాన్ చేసి ఎక్కించేద్దాం సార్" అన్నాడు.

ఎక్కించేశాం. కాగితం మాత్రం పోలేదు. ఇదివరకు చీటీ ఒక్కటే ఉండేది. ఇప్పుడు టోకెనుకు ఒకటి, బిల్లుకు ఒకటి, చీటీ ఎలాగూ ఒకటి, మధ్యలో ప్రింటరు నమిలి ఉమ్మేసేవి రెండు.

అసలు గొడవ అది కాదు. ఈ సరుకు ఎలా పనిచేస్తుందో చూద్దామని మొదటిరోజు రాత్రి అందరూ వెళ్లాక కూర్చుని ఒక దొంగ పేషెంటును పుట్టించాను. పేరు దగ్గర 'పరీక్ష' అని కొట్టాను. ఫోను నంబరు నాదే ఇచ్చాను. పుట్టినతేదీ ముట్టుకోలేదు, అది 01-01-1900 దగ్గరే ఉండిపోయింది. ఆడా మగా అన్నచోట జాబితాలో ముందు ఏది కనపడితే అది నొక్కాను. దాంతో 'చివరి నెలసరి తేదీ' అంటూ ఎర్రటి గడి ఒకటి ఊడిపడింది. నింపితేగానీ కదలనని భీష్మించుకుంది. సరే కదా అని ఆ రోజు తేదీ వేశాను.

నూట పాతికేళ్లు నిండిన మనిషికి నెలసరేమిటని మా రిసెప్షన్‌లో అమ్మాయైతే అడిగి ఉండేది. సాఫ్ట్‌వేర్‌కు అలాంటి అనుమానాలు లేవు. నేనిచ్చిన తేదీకి 280 రోజులు కలిపి, కాన్పు తేదీ తేల్చి, పక్కన ఒక పువ్వు బొమ్మ పెట్టి 'అభినందనలు' అంది.

చెరిపేద్దామంటే చెరపనివ్వదు. వైద్య రికార్డు చెరపకూడదట. ఆ మాట నిజమే, రేపు ఏదన్నా తగువొస్తే సాక్ష్యం అదే. పోనీలే, ఓ మూల పడుంటుందనుకున్నాను.

పడి ఉండలేదు. సరిగ్గా తిని, సరిగ్గా నిద్రపోతున్నారా అని వారం వారం నా ఫోనుకు పరామర్శలు మొదలయ్యాయి. నా ఆరోగ్యం గురించి అంతగా పట్టించుకున్నవాళ్లు ఎవరూ లేకపోవడంతో మొదట్లో కాస్త బాగానే ఉండేది. ఒకరాత్రి భోజనాల దగ్గర ఫోను మోగితే మా ఆవిడ తీసి చదివింది.

"శ్రీమతి పరీక్ష గారూ, మీకు పన్నెండో వారం. స్కానింగ్ మరచిపోకండి. ఎవరీ పరీక్ష?"

"ఎవరూ లేరు. నేనే."

"మరి పన్నెండో వారం?"

"అదీ నాదే."

ఇన్నేళ్ల ప్రాక్టీసులో ఇంతకంటే నమ్మశక్యం కాని సమాధానం ఏ పేషెంటూ నాకు చెప్పలేదు. అప్పటికప్పుడు క్లినిక్కు తలుపు తీసి, తెర మీద ఫైలు చూపిస్తేగానీ ఇంట్లో శాంతి నెలకొనలేదు. ఆవిడ మొత్తం చదివి, "ఈ వయసులో కాన్పు, తోడెవరున్నారో పాపం" అంది.

మర్నాడు సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఫోన్ చేశాను. అవతలి గొంతు చాలా మర్యాదగా, "చెరపడం కుదరదండీ. పేషెంటు వచ్చి చూపించుకున్నట్టు నమోదైతే ఫైలు మూసేయొచ్చు. ఆవిణ్ణి ఒకసారి రమ్మనండి" అంది.

రమ్మన్నాను. అంటే వెళ్లాను. టోకెను 23 వచ్చింది. తీరా చూస్తే బీపీ గడి నింపందే ఫైలు మూసుకోదట. "ఏదో ఒకటి వేసేయండి సిస్టర్" అన్నాను.

"ఏదో ఒకటి వేసినందుకే కదండీ ఇంతదాకా వచ్చింది" అని సిస్టర్ నా కోటు విప్పించి, జబ్బకు పట్టీ చుట్టింది. 162/98. డాక్టర్ని చూడగానే కొందరికి బీపీ పెరుగుతుంది, దాన్ని వైట్ కోట్ హైపర్‌టెన్షన్ అంటాం. వంకీకి తగిలించిన ఆ కోటు నాదే, చూసి దడుచుకున్నదీ నేనే.

"అయిదు నిమిషాలు బయట కూర్చుని రండి. మళ్లీ చూస్తాను" అంది సిస్టర్. ఏమనడానికీ లేదు. వీపు ఆనించి కూర్చోవాలి, పాదాలు నేలకు ఆనాలి, కాలు మీద కాలు వేయకూడదు, మాట్లాడకూడదు, అయిదు నిమిషాలు ఆగాకే కొలవాలి అని గోడకు అంటించిన కాగితం నా చేతిరాతే.

అలా డాక్టరు కోసం ఇరవైమంది, వాళ్ల మధ్య డాక్టరూ, అందరం ఖాళీ గది తలుపు వంక చూస్తూ కూర్చున్నాం. పక్క కుర్చీలో పెద్దావిడ. రెండేళ్లుగా షుగరుకు నా దగ్గరికే వస్తున్న మనిషి. నమస్కారం పెట్టబోయి, ఆవిడ నన్ను గుర్తుపట్టలేదని గ్రహించి ఊరుకున్నాను.

"ఇంకా రాలేదు చూశావా బాబూ" అంది.

మాట్లాడకూడదు కదా. తల ఊపాను.

"మంచివాడేలే. కానీ కక్కుర్తి మనిషి. పరీక్షకు ముందు వారంరోజులు నోరు కట్టుకుని వెళ్లానా, నిన్నటి సంగతి చాలక మూడు నెలల సంగతి బయటకు లాగాడు."

అది హెచ్‌బీఏ1సీ పరీక్ష. రక్తంలో ఎర్రకణం బతికేది సుమారు 120 రోజులు, ఆ రోజుల్లో తగిలిన చక్కెర లెక్కంతా దానికి అంటుకునే ఉంటుంది, వారం ఉపవాసానికి అది లొంగదు అని చెప్పాలని నాలుక దురద పెట్టింది. గోడమీద కాగితం చూసి మింగేశాను.

"పైగా మనం చెప్పేది వినడు. మోకాలు నొప్పని నాలుగుసార్లు చెప్పాను. ఆ టీవీ వంక చూస్తూ టకటకా కొట్టుకుంటాడే గాని, ఇటు తిరిగితే ఒట్టు."

నా మెడ నరాల్లో కొట్టుకోవడం నాకే వినపడుతోంది. ఈసారి రీడింగు 180 దాటుతుందని ఖాయమైపోయింది.

ఇంతలో లోపల్నుంచి, "పరీక్ష గారూ! టోకెన్ ఇరవైమూడు! శ్రీమతి పరీక్ష గారూ!" అని రిసెప్షన్ అమ్మాయి కేక. నంబరు బోర్డు మీద పడిందా లేదా అని అప్రయత్నంగా పక్కకు తిరిగి చూశాను.

పెద్దావిడ కళ్లజోడు సవరించుకుంది.

"ఉండు బాబూ. ఇలా పక్కనుంచి చూస్తే నిన్నెక్కడో చూసినట్టుంది."