తలూపితే అర్థమైనట్టేనా?

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఇంటర్వ్యూ కోచింగ్ తీసుకున్న కుర్రాళ్లను కదిపితే చాలామంది ఒక అంకె ఠక్కున చెబుతారు: ఎదుటివారికి చేరేదాంట్లో 93 శాతం బాడీ లాంగ్వేజీ, గొంతే, మాటల వాటా 7 శాతం.

ఈ అంకె పుట్టింది 1967లో, అమెరికాలో ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే సైకాలజీ ప్రొఫెసర్ తోటివారితో కలిసి చేసిన రెండు చిన్న ప్రయోగాల్లో. విడివిడి మాటలను రకరకాల గొంతుల్లో వినిపించారు, ముఖాల ఫొటోలు చూపించారు, పలికిన మనిషిలో ఇష్టం ఉందో లేదో ఊహించమన్నారు. అంతే. భావాలు, ఇష్టాయిష్టాల సంగతికి తప్ప ఈ లెక్క వర్తించదని ఆయనే చెప్పారు. ఎవరు విన్నారు గనక! 93 నిజమే అయితే, ఒడియా ముక్క రానివాళ్లు ఇచ్ఛాపురంలో రైలెక్కి భువనేశ్వర్‌లో దిగి, ముఖాలు చూస్తూనే పనులు చక్కబెట్టుకుని రావాలి.

పశువుల సంతలో దళారులు తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడతారు. ఏ వేలికి ఎంతో ఇద్దరికీ ముందే తెలుసు. కళ్లు దించుకోవడానికి, చేతులు కట్టుకోవడానికి అలాంటి ఒప్పందమేదీ లేదు. చూసేవాళ్లే అర్థం కట్టుకుంటారు. కట్టేది ఎక్కువగా కుర్చీలో ఉన్నవాళ్లు, నష్టపోయేది ఎదుట నిలబడ్డవాళ్లు. నా అభ్యంతరం అక్కడే.

పల్లెలో పెద్దల కళ్లలోకి సూటిగా చూస్తే ‘ఏట్రా ఆ చూపు’ అంటారు. ఆ పిల్లాడే ఇంటర్వ్యూలో తల దించుకుంటే కాన్ఫిడెన్స్ లేదంటారు, పోలీసు స్టేషన్లో దించుకుంటే ఏదో దాస్తున్నాడంటారు. అబద్ధాలాడేవాడు చూపు తప్పిస్తాడన్న నమ్మకం మన ఒక్కరిదే కాదు. 58 దేశాల్లో అడిగినప్పుడూ అన్నిటికన్నా ఎక్కువగా వచ్చిన జవాబు అదే. పరిశోధనల్లో మాత్రం చూపుకీ అబద్ధానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. 24 వేల మందికి పైగా చేసిన అంచనాలను బాండ్, డిపౌలో అనే పరిశోధకులు 2006లో ఒకచోట చేర్చి చూస్తే, నిజమేదో అబద్ధమేదో సరిగ్గా చెప్పింది సగటున 54 శాతమే. కళ్లు మూసుకుని చెప్పినా 50 వస్తుంది. అయినా సాక్షి తీరుపై ముఖ్యమనిపించింది జడ్జి రాసిపెట్టాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 280వ సెక్షన్లో ఉండేది. మొదటిసారి కోర్టు మెట్లెక్కిన మనిషికి చెమటలు పడితే అది టెన్షనో అబద్ధమో ఎలా తేల్చాలి?

ఇంతకన్నా ప్రమాదం ఆసుపత్రిలో తలూపడం. ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి తెలిసిందే. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు నుంచి కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసే మనిషి డాక్టరు దగ్గరికి వస్తాడు. ‘నొప్పి మాత్రలు వాడొద్దు, ఉప్పు తగ్గించు’ అంటారాయన. ‘అలాగే బాబూ’ అని ఇతను తల అటూ ఇటూ ఊపుతాడు. ఆ ఊపులో ‘విన్నాను’ ఉండొచ్చు. ‘పెద్దవారు, కాదనలేను’ ఉండొచ్చు. ‘వెనకాల లైనుంది, వెళ్తాను’ ఉండొచ్చు. ‘అర్థమైంది’ అనే డాక్టరు తీసుకుంటారు. వారం తిరక్కుండా నడుం పట్టేస్తే ఇతను మందుల షాపులో ‘ఒళ్లు నొప్పుల బిళ్ల’ కొనుక్కుంటాడు. డాక్టరు వద్దన్నదీ ఇదీ ఒకటేనని ఎవరూ విడమర్చలేదు. మళ్లీ వెళ్లినప్పుడు ‘చెప్పినా వినవు’ అని కసురుకుంటే, దానికీ తలే ఊపుతాడు.

‘అర్థమైందా?’ అని అడిగితే మళ్లీ తలూపే వస్తుంది. ‘ఇంటికెళ్లాక ఏవి వేసుకుంటావో, ఏవి మానేస్తావో నాకు చెప్పు’ అని అడగాలి. వైద్యంలో దీన్ని టీచ్ బ్యాక్ అంటారు. ఓపీలో అంత టైమెక్కడిది అనే డాక్టర్ల మాటా నిజమే. అయితే మందులిచ్చే ఫార్మసిస్టు అడగొచ్చు, ఊళ్లో ఏఎన్ఎం, ఆశా అడగొచ్చు. ‘ఒళ్లు నొప్పుల బిళ్ల కూడా మానేయమన్నారేటి?’ అనే ప్రశ్న డాక్టరు ముందు ఆగిపోయినా వాళ్ల ముందు బయటికొస్తుంది.