సోల్ మ్యూజిక్ ఈవెనింగ్: చాపలు ఎవరివి వారే తెచ్చుకోగలరు

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పోయిన నెల ఒక ప్రకటన వచ్చింది. ఆదివారం సాయంత్రం క్లబ్‌హౌస్‌లో సోల్ మ్యూజిక్ ఈవెనింగ్, మనిషికి 300, చాపలు ఎవరివి వారే తెచ్చుకోగలరు. చాప అన్న దగ్గరే నాకు అనుమానం రావాల్సింది, రాలేదు. ముప్పై ఏళ్లుగా ఒటిస్ రెడ్డింగ్‌నీ అరీతా ఫ్రాంక్లిన్‌నీ, అంటే అమెరికా నల్లవాళ్ల సోల్ పాటల్ని, ఒంటరిగా వింటూ, ఇంట్లోవాళ్ల చేత "ఆ ఏడుపు ఆపండి" అనిపించుకుంటున్న వాణ్ణి. ఇన్నాళ్లకి ఇంకో మనిషి దొరికాడన్న ఆశతో ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్లాను.

వెళ్తే ఏముంది, అగరొత్తుల పొగ. నలభై మంది వెల్లకిలా పడుకుని ఉన్నారు. మధ్యలో తెల్ల కుర్తా వేసుకున్న కుర్రాడొకడు ఇత్తడి గిన్నె అంచు మీద కర్రతో గుండ్రంగా రాస్తున్నాడు, స్పీకర్లోంచి ఫ్లూటు వస్తోంది. సోల్ అంటే ఆత్మ, ఆత్మ అంటే ప్రశాంతత, ప్రశాంతత అంటే ఫ్లూటు. లెక్క తేలిపోయింది.

సరే, వాళ్ల తప్పు కాదనుకుందాం (వాళ్ల తప్పే). ఆత్మ సంగతి అబద్ధమేం కాదు. ఆ సంగీతం అమెరికా నల్లవాళ్ల చర్చిల్లోంచి పుట్టిందే. 1954లో రే చార్లెస్ అనే గాయకుడు ఒక చర్చి పాట బాణీ పట్టుకుని, దేవుడున్న చోట అమ్మాయిని పెట్టి పాడేశాడు, భక్తులు మండిపడ్డారు. అరీతా తండ్రి డెట్రాయిట్‌లో పేరుమోసిన పాస్టరు. కానీ ఆ చర్చిల్లో ఎవరూ పడుకోరండీ. ఒకరు గొంతెత్తితే వందమంది అందుకుంటారు, బుర్రకథలో వంతలు తందానా అన్నట్టు. చెమటలు కారతాయి. మన పల్లెటూరి చర్చిలో ఆదివారం పూట డప్పులతో జరిగే ఆరాధన విన్నవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

కదలకుండా పడుకోమన్నారు కాబట్టి, నేను మనసులోనే సోల్ గాయకుడు జేమ్స్ బ్రౌన్‌ని ఆ హాల్లోకి తీసుకొచ్చే పనిలో పడ్డాను. ఆయన సంగతి తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. "ప్లీజ్ ప్లీజ్ ప్లీజ్" అని 1956 నాటి పాట ఉంది, పేరులోనే సగం సాహిత్యం అయిపోయింది. స్టేజీ మీద ఆ పాట పాడుతూ పాడుతూ ఆయన మోకాళ్ల మీద ధడాల్న పడిపోతాడు. పాపం, మనిషి అయిపోయాడని డానీ రే అనే ఆయన వచ్చి భుజాల మీద మెరిసే కేప్ ఒకటి కప్పి, నెమ్మదిగా లేపి పక్కకి నడిపిస్తాడు. నాలుగడుగులు వేస్తాడో లేదో, దాన్ని విదిలించి కొట్టి మళ్లీ మైకు మీదికి. మళ్లీ పడటం, మళ్లీ కప్పడం, మళ్లీ విదిలించడం. శాలువా కప్పాక కూడా మైకు వదలని వక్తల్ని మన సన్మాన సభల్లో బోలెడుమందిని చూశాం గానీ, వదలొద్దని జనం గొడవ చేసింది మాత్రం ఈయనకే.

ఇప్పుడు ఈయన్ని చాప మీద పడుకోబెట్టండి. "కళ్లు మూసుకోండి సార్" అంటాడు కుర్రాడు. మూయడు. గిన్నె వంక అదోలా చూస్తాడు. ఆయన బృందంలో ఎవరు స్వరం తప్పినా, ఎవరి బూట్లకి పాలిష్ లేకపోయినా జరిమానానే. పాటా డాన్సూ ఆపకుండానే చెయ్యి చాచి వేళ్లు విప్పి చూపించేవాడు, అంత కట్ అని. సరే, గిన్నెకి ఐదు వేళ్లు విప్పాడు. కుర్రాడు అదేదో ముద్ర అనుకుని తనూ ఐదు వేళ్లు విప్పాడు. అది చూసి నలభై మందీ విప్పారు. మా సెక్రటరీ గారు భక్తి ఎక్కువై రెండు చేతులూ ఎత్తారు. జరిమానా అలా పెరుగుతూ పోతుంటే, వచ్చినాయన ఎవరో పెద్దమనిషిలా ఉన్నాడని ట్రెజరర్ గారు బీరువాలోంచి శాలువా తెచ్చి కప్పారు. ఇక చూస్కోండి.

"అంకుల్, నవ్వకండి, వైబ్రేషన్స్ డిస్టర్బ్ అవుతాయి" అన్నాడు కుర్రాడు. ఇది మాత్రం నిజంగానే అన్నాడు.

ఆ తర్వాత ఫ్లూటులో "ఎయింట్ నో సన్‌షైన్" వచ్చింది. గాయకుడు బిల్ విథర్స్ విమానాలకి టాయిలెట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేస్తున్న రోజుల పాట అది, 1971లో విడుదలైంది. మధ్యలో "ఐ నో" అన్న రెండు ముక్కల్నే 26 సార్లు అంటాడు. అక్కడ వేరే మాటలు రాద్దామనుకుంటే, పక్కనున్న వాయిద్యగాళ్లు అలాగే ఉంచెయ్యమన్నారు. అన్నీ తెలిసీ అమ్మాయిని వదల్లేని మనిషి ఆ పాటలోవాడు. పదిహేనోసారికి మన గొంతులో ఏదో అడ్డం పడుతుంది. ఫ్లూటులో ఆ ముక్కే లేదు. ఏమయ్యా అంటే, "రిపీట్ అవుతోంది కదా అంకుల్, ఎడిట్ చేసేశాను" అన్నాడు.

తర్వాత పియానో మీద "రెస్పెక్ట్", లాలిపాటలాగా. ఇక్కడ మాత్రం నాకు వ్యంగ్యం రావట్లేదు, క్షమించాలి. 1965లో ఒటిస్ రెడ్డింగ్ రాసి పాడినప్పుడు అది పని చేసి ఇంటికొచ్చిన మగాడు మర్యాద అడిగే పాట. 1967లో అరీతా దాన్ని ఆడదాని గొంతులోకి తిప్పేసింది. అక్కా చెల్లెలూ వెనక అందుకుంటుంటే, ఆ మాటని అక్షరం అక్షరం విడదీసి మొహాన కొట్టినట్టు పాడింది. నల్లవాళ్లూ ఆడవాళ్లూ ఆ పాటని తమ జెండా చేసుకున్నారు. మరి ఆవిడకి ఏం దక్కింది? అమెరికాలో మామూలు రేడియో స్టేషన్లు పాట రాసినవాళ్లకి డబ్బు కడతాయి, పాడిన గొంతుకి కట్టక్కర్లేదు, చట్టమే అలా ఉంది. 2018లో ఆవిడ పోయేదాకా అక్కడి రేడియోల్లో ఆ పాట ఎన్నిసార్లు మోగినా గాయనిగా ఆవిడకి వచ్చింది సున్నా. మర్యాద ఇవ్వండ్రా అన్న పాటకి! పోనీ ఒటిస్ బాగుపడ్డాడా అంటే, 1967 డిసెంబర్లోనే విమానం కూలి 26 ఏళ్లకే పోయాడు. మెంఫిస్‌లో పాత సినిమా హాల్లో నడిచిన ఆయన పాటలు రికార్డు చేసిన కంపెనీ స్టాక్స్, కాంట్రాక్టు చదవకుండా సంతకం పెట్టిన పాపానికి మరుసటి ఏడాదే పాత రికార్డింగుల్ని అట్లాంటిక్ అనే రికార్డు కంపెనీకి వదులుకుంది. ఇంకో సోల్ గాయకుడు జాకీ విల్సన్ 1975లో పాడుతూ పాడుతూ స్టేజీ మీదే కుప్పకూలాడు, 1984లో పోయాడు. సమాధి మీద పేరున్న రాయి పెట్టడానికి మూడేళ్లు పట్టింది. వాళ్ల డబ్బు పోయింది, హక్కులు పోయాయి, మిగిలింది ఆ అరుపొక్కటే. దాన్ని కూడా పీకేసి ఫ్లూటు పెట్టి, నిద్ర పట్టడానికి వాడతార్రా?

పైకే అనేశానని తర్వాత తెలిసింది. నలభై మంది ఒక్కసారి లేచి కూర్చున్నారు. 300 ఎవరికి చేరుతుందని కూడా అడిగాను, హాల్ శుభ్రం చేయడానికట.

ఇంటికొచ్చి అరీతాని ఫుల్ వాల్యూమ్‌లో పెట్టాను. కాసేపటికి గ్రూపులో సెక్రటరీ గారి మెసేజ్: "సార్, టైమ్ పదిన్నర అయింది." ఐ నో, అని పంపాను. "పిల్లలకి రేపు స్కూలుంది సార్." ఐ నో. ఆయన ఆపేశాక కూడా నేను పంపుతూనే ఉన్నాను. పద్నాలుగు అయ్యేసరికి నన్ను గ్రూపులోంచి తీసేశారు. ఇంకా పన్నెండు బాకీ.