మాజు అమ్మవారికి అడ్రస్ చెప్పాలి

తైవాన్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో ఒక ఆదివారం శిన్‌చూ నుంచి తైచుంగ్ దగ్గరి దాజియా వెళ్లాను, జెన్‌లాన్ గుడిలో మాజు అమ్మవారిని చూద్దామని. మాజు అంటే జాలర్లను కాపాడే సముద్ర దేవత. అక్కడ దేవతను ఏదైనా అడగాలంటే మధ్యలో పూజారి అక్కర్లేదు. నెలవంకల్లాంటి ఎర్ర చెక్కలు రెండుంటాయి. ఒకవైపు చదును, ఒకవైపు ఉబ్బు. మోకాళ్ల మీద కూర్చుని పేరు, పుట్టిన తేదీ, అడ్రస్ చెప్పుకుని, అడగాల్సింది అడిగి నేల మీదికి వదలాలి. ఒకటి చదునుగా, ఒకటి ఉబ్బుగా కనిపిస్తే సరేనన్నట్టు. రెండూ ఉబ్బు పైకొస్తే కాదన్నట్టు. రెండూ చదును పైకొస్తే అమ్మవారు నవ్విందంటారు.

నేను అడ్రస్ దగ్గరే ఆగిపోయాను. మన అర్చనలో గోత్రం చాలు, డోర్ నంబర్ ఎవరడుగుతారు? శిన్‌చూలో అద్దెల్లు చెప్పాలా, ఊళ్లో నాన్నగారి ఇల్లు చెప్పాలా? రెండూ చెప్పాను. అమ్మవారు నవ్వింది. పక్కనున్న పెద్దావిడా నవ్వింది.

మనవాళ్లు ఇలాంటి గుడి చూడగానే "అచ్చం మన గంగమ్మే" అని తేల్చేసి ఫొటోలు దిగుతారు. నన్ను పట్టుకున్నది మాత్రం అక్కడి ధూపపాత్రలో బూడిద. చైనాలోని ఫుజియాన్ నుంచి సముద్రం దాటి వచ్చినవాళ్లు చిన్న సంచిలో ఆ బూడిద కట్టుకుని తెచ్చుకున్నారు. చిటికెడు బూడిదతో కొత్త గుడి మొదలయ్యేది. అప్పుడప్పుడూ పాత గుడికెళ్లి, అక్కడి బూడిద తెచ్చి తమ పాత్రలో కలుపుకుంటారు. దాజియా మాజు ఏటా తొమ్మిది పగళ్లు, ఎనిమిది రాత్రుళ్లు ఊరేగుతుంది. జనం వెంట 300 కిలోమీటర్ల పైనే నడుస్తారు. పల్లకి వస్తుంటే రోడ్డు మీద వరసగా బోర్లా పడుకుంటారు, అమ్మ తమ మీదుగా వెళ్లాలని. ఒకప్పుడు ఈ ఊరేగింపు బేగాంగ్ గుడికి వెళ్లేది. దాన్ని "పుట్టింటికి వెళ్లడం" అంటే తమ గుడి బేగాంగ్‌కు పిల్ల గుడి అన్నట్టవుతుందని దాజియా వాళ్లకు నచ్చక 1988 నుంచి శిన్‌గాంగ్ గుడికి మార్చేశారు. గుడి కమిటీ గొడవలు మనకే సొంతం కాదన్నమాట.

విదేశాల్లో మన తెలుగు సంఘాలు గుడి కట్టడానికి పెట్టే మీటింగుల్లో నేనూ కూర్చున్నాను. గోపురం ఎన్ని అడుగులు, విగ్రహాలు ఎక్కడ చెక్కించాలి, దాతల పేర్లు ఏ గోడ మీద. వెంకన్న వస్తాడు, వినాయకుడు వస్తాడు. మా ఊరి పోలేరమ్మ ఊసెత్తితే మాత్రం "పొలిమేర దేవత పొలిమేర దాటకూడదండీ" అంటారు. జాలర్ల అమ్మ సముద్రమే దాటింది. పోలేరమ్మ గుడి నుంచి చిటికెడు పసుపు తెచ్చుకుంటే, ఒక మూల చిన్న గూడు కడితే, ఏ ఆగమం అడ్డొస్తుంది?

వచ్చే మీటింగులో ఈ మాటే అడగబోతున్నాను. మళ్లీ రెండు చెక్కలూ చదును పైకే పడి అమ్మవారు నవ్వుతుందేమో.