పండగ పూట వాళ్ళ పేర్లు చదివితే ఏం?

మొన్న ఇక్కడ బ్రిటన్‌లో మన తెలుగువాళ్ళ దీపావళి వేడుకలకి ముందు సంఘం కార్యవర్గాన్ని ఒక్కటే అడిగాను. జ్యోతి ప్రజ్వలన అయ్యాక రెండు నిమిషాలిస్తే, రెండో ప్రపంచ యుద్ధంలో పోయిన మన తెలుగు సిపాయిల పేర్లు కొన్ని చదువుతానన్నాను. "శుభమా అని పండగ చేసుకుంటూ చావు కబుర్లెందుకండీ" అన్నారొకరు. మిగతావాళ్ళూ తలూపారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

మా తాతయ్య తమ్ముడు బర్మాలో పోయాడు. "రంగం (రంగూన్) యుద్ధానికెళ్ళి రాలేదు" అన్న మాట తప్ప ఇంట్లో ఇంకేమీ మిగల్లేదు. వచ్చిన టెలిగ్రాం ఎప్పుడో చెదలు తినేసింది. తిథి తెలియక మహాలయ అమావాస్య నాడే ఆయనకి తద్దినం పెట్టేవాళ్ళు. ఆయన భార్య మా అందరికీ మిలటరీ మామ్మ. అసలు పేరు ఎవరూ అడగలేదు.

ప్రపంచ యుద్ధాల్లో పోయిన కామన్వెల్త్ దేశాల సైనికుల సమాధులు, పేర్లు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ రికార్డుల్లో ఆయన కోసం వెతికాను. ఇంటిపేరుతో దొరకలేదు. రెజిమెంటు, విశాఖపట్నానికి దొరలు రాసిన పాత స్పెల్లింగు పెట్టి చూస్తే దొరికాడు. సిపాయి నంబరు, పోయిన తేదీ, తండ్రి పేరు, గుమాస్తా చేతిలో వంకర్లు పోయిన మా ఊరి పేరు. ఆ కిందే, ఫలానా ఆమె భర్త అని మా మామ్మ పేరు! చాలాసేపు ఏడ్చాను. ఆ తేదీకి పంచాంగం చూసి తిథి కట్టించాం.

ఆయనకి సమాధి లేదు. రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో దాదాపు 27,000 పేర్లున్న స్మారకం మీద ఆయన పేరుంది. అంతకుముందు, మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన మనవాళ్ళలో చాలామందికి అదీ దక్కలేదు. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద మన మామూలు సిపాయిలకి రెజిమెంటు కింద ఇంతమంది అని లెక్క మాత్రమే వేశారు. అలాంటివాళ్ళు 33,000 మందికి పైనే. ఈ వివక్షకి కమిషనే 2021లో క్షమాపణ చెప్పింది.

పండగ పూట అశుభం పలకకూడదన్న పట్టింపు నాకూ ఉంది, మా అమ్మ పెంపకం అది. కానీ దీపావళి అమావాస్య పెద్దలది కూడా కదా! గోగుకర్రలకి దివిటీలు కట్టి తిప్పేది పితృదేవతలకి దారి చూపడానికేనని మన పెద్దలే చెప్పారు. తెల్లదొరల కోసం పోరాడారన్న అభ్యంతరమూ విన్నాను. మా చిన్నతాత జీతం కోసం చేరాడు, మనం ఈ దేశం వచ్చినట్టే.

ఇక్కడ నవంబరు రెండో ఆదివారం, యుద్ధాల్లో పోయినవాళ్ళని తలుచుకునే రోజున, మన పిల్లలు ఎర్ర పాపీ పూలు పెట్టుకుని అందరితో కలిసి మౌనం పాటిస్తారు. తమ ఇంట్లోంచి కూడా ఒకరు వెళ్ళారని వాళ్ళకెవరు చెబుతారు?

కార్యవర్గాన్ని మళ్ళీ అడుగుతున్నాను, వచ్చే దీపావళికి ఆ రెండు నిమిషాలు ఇవ్వండి. మీ ఇళ్ళలోనూ యుద్ధానికెళ్ళి రానివాళ్ళుంటే వాళ్ళ పేరు, తండ్రి పేరు, ఊరు, పాత తాలూకా రాసి నాకివ్వండి. రికార్డుల్లో నేను వెతికిపెడతాను. ఊళ్ళో పెద్దవాళ్ళు ఉండగానే ఫోన్ చేసి అడగండి.