అరువు బాల్యం, అచ్చమైన మార్కులు

చేతి కన్సోల్ మీద ఇండీ గేములను, అంటే చిన్న బృందాలు సొంతంగా తయారుచేసే గేములను, సమీక్షించడం బాధ్యతతో కూడిన వృత్తి అన్న సంగతి హనుమకొండలో ఇంకా చాలామందికి తెలియదు. నయీంనగర్ గదిలో ఒక యువకుడు పట్టపగలు మంచం మీద వెల్లకిలా పడుకొని, ఏడంగుళాల తెర మీద చదరపు చుక్కల బొమ్మను గుంత దాటించడానికి అవస్థ పడుతుంటే, చూసినవాళ్లు పనిలేక ఆడుకుంటున్నాడనుకుంటారు. అతడు ఆడుకోవడం లేదు. గతం ఎంతవరకు ప్రామాణికంగా ఉందో నిగ్గు తేలుస్తున్నాడు. అతడు పాటిస్తున్న సమీక్షా విధానాన్ని సమర్థిస్తూ నాలుగు మాటలు చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విధానానికి మూలస్తంభం బాల్యస్మృతి. పిక్సెల్ బొమ్మలున్న ప్రతి గేముకూ ‘నా చిన్నతనం కళ్ల ముందు కదిలింది’ అన్న వాక్యం తప్పనిసరి. అది లేని సమీక్షను పోపు పెట్టని పప్పులా పాఠకులు పక్కకు నెడతారు. నింటెండో 1989లో విడుదల చేసిన చేతి కన్సోల్ గేమ్ బాయ్ తెర మీద అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు, మొత్తం నాలుగే ఛాయలు ఉండేవి. ఆ తెరను వరంగల్‌లో ఎందరు చూశారన్నది అప్రస్తుతం. 2002లో పుట్టినవాడు సైతం 1280 బై 800 చుక్కల ఈనాటి చేతి కన్సోల్ స్టీమ్ డెక్ మీద ఆ నాలుగు ఛాయలను చూసి కంటతడి పెట్టగలగడమే మన సమీక్షారంగం సాధించిన పరిణతి.

మనకు సొంత జ్ఞాపకాలు లేవా అని కొందరు అమాయకులు అడుగుతారు. ఉన్నాయి గానీ అవి మర్యాదస్తుల ముందు పెట్టదగినవి కావు. వేసవి సెలవుల్లో మనం ఆడింది ఎవరు తయారు చేశారో తెలియని టీవీ గేము. దాని పసుపుపచ్చ కాసెట్ మీద 9999999 ఆటలని అచ్చువేసి ఉండేది. లోపల చూస్తే అవే కొన్ని ఆటలు, ఒకటి మొదటి దశ నుంచి, మరొకటి మూడో దశ నుంచి మొదలవుతూ, పేర్లు మార్చుకొని వరుసకట్టేవి. బొమ్మ రాకపోతే కాసెట్ పీకి, అంచున ఉన్న రాగి పళ్ల వరుసలోకి బుగ్గలు పూరించి ఊది, చొక్కా అంచుతో తుడిచి, కొద్దిగా ఓరగా మళ్లీ దూర్చేవాళ్లం. ఇద్దరు కలిసి ఆడే కాంట్రా గేములో జలపాతం వచ్చిందంటే బాబాయి కొడుకు తన దారిన తాను పైకి ఎగబాకేవాడు, తెర అతడి వెంటే జరిగేది, కింద మిగిలిన మనం ఊరికే చచ్చేవాళ్లం. అది కూడా దాటి దశ చివర కాపుకాసే పెద్ద శత్రువు, అదే బాసు, దగ్గరికి చేరితే కరెంటు పోయేది. ఇంత మొరటు సరుకుకు మార్కులెలా వేస్తారు?

పైగా అసలు గతంలో లోపాలు చాలా ఉంటాయి. టీవీకి తగిలించే ఆనాటి నింటెండో యంత్రం తెర మీది ఒక్క అడ్డగీతలో ఎనిమిదికి మించి కదిలే బొమ్మ ముక్కలను చూపలేకపోయేది. శత్రువులు గుమిగూడితే బొమ్మలు మినుకుమినుకుమనేవి. ఆ యంత్రపు గేముల పోలికతో 2014లో షవల్ నైట్ అనే గేమును తెచ్చినవాళ్లు ఆ మినుకును తీసేశారు, ఆ యంత్రంలో లేని రంగులను కొన్ని కలిపారు, ఆ సంగతి దాచకుండా రాసి మరీ చెప్పారు. అయినా దానిని ‘అచ్చం ఆనాటిదే’ అని ధ్రువీకరించడం సమీక్షకుడి ధర్మం. పికో-8 సంగతి ఇంకా ఉదాత్తం. 128 బై 128 చుక్కలు, 16 రంగులు, ఒక్కో గేముకు 32 కిలోబైట్లు అని కట్టుదిట్టమైన నిబంధనలున్న ఆ కన్సోల్ పాతకాలపు యంత్రమేమీ కాదు. ఊహలో కట్టుకున్న సాఫ్ట్‌వేర్. ఎన్నడూ లేని యంత్రం మీద బెంగ పెట్టుకోవడం కంటే నిష్కామ భక్తి ఏముంటుంది?

కొండ ఎక్కే గేము సెలెస్ట్ మొదటి రూపం నాలుగు రోజుల్లో తయారైంది ఆ పికో-8 మీదే. 2018లో వచ్చిన పెద్ద సెలెస్ట్ మనం ఎన్నిసార్లు చచ్చామో అధ్యాయానికొకసారి లెక్క అప్పజెబుతుంది. ఆ లెక్కను బయటపెట్టకుండా ‘కష్టమే గానీ అన్యాయం కాదు’ అని రాయడం మర్యాద. వేగం తగ్గించుకునే అసిస్ట్ మోడ్ ఉందని పాఠకులకు చెప్పాలి. తాను వాడినట్టు చెప్పకూడదు. ‘చేతి కన్సోల్ కోసమే పుట్టిన గేము’ అన్న తీర్పుకైతే కాజీపేటలో భాగ్యనగర్ రైలు ఎక్కి జమ్మికుంట దాకా ఆడితే చాలు. కిటికీలోంచి ఎండ పడి తెర మీద ఏమీ కనిపించకపోతే దానిని చీకటి వాతావరణ చిత్రణగా మెచ్చుకోవచ్చు.

ఈ విధానం శిఖరానికి చేరింది మాత్రం స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయపు గేము విషయంలో. ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్లకు పైగా కూర్చొని బొమ్మలు, సంగీతం, కథ అన్నీ సమకూర్చి 2016లో విడుదల చేసిన ఆ గేము నిజంగా గొప్పది. ఈ ఒక్క మాటలో వ్యంగ్యం లేదు. దానిని ‘వాస్తవికమైన వ్యవసాయ అనుభవం’ అని, పరకాల వైపు సొంత కుటుంబానికి రెండెకరాల మిర్చి తోట ఉన్న సమీక్షకుడు రాయడంలోనే సాహసమంతా ఉంది. ఆ లోయలో మిరప విత్తితే ఐదు రోజుల్లో కాపుకొస్తుంది, ఆపైన మూడు రోజులకోసారి తెంపుకోవచ్చు. కాకుల బెడద ఉంది గానీ దిష్టిబొమ్మ పాతితే తీరిపోతుంది. మిర్చి తోటలను ముంచే నల్ల తామర పురుగు ఊసే లేదు. కాయలను ఇంటి పక్కనున్న చెక్కపెట్టెలో వేసి పడుకుంటే తెల్లారేసరికి డబ్బు చేతికొస్తుంది. ట్రాక్టర్ కిరాయి లేదు, వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో బస్తాల పక్కన కునుకు తీయడం లేదు, తేమ చూసేవాడు లేడు, అడ్తి కమీషన్ లేదు, ధర తేల్చే జెండా పాట లేదు.

సమీక్షకుడి తండ్రి ఒకసారి ఆ తెరలోకి తొంగిచూసి, “ఏం ధర పడ్డది కొడుకా?” అని అడిగాడు. కాయకు నలభై అని తెలిసిన తర్వాత ఆయన అడిగింది ఒక్కటే: “అది ఏ ఊరి మార్కెట్?”

ఆ ప్రశ్న సమీక్షలో చోటు చేసుకోలేదు, కానీ ఒక లోపం మాత్రం నమోదైంది. అక్కడ పంటకు వెండి నక్షత్రం, బంగారు నక్షత్రం అంటూ ధర పెంచే తరగతులే ఉన్నాయి గానీ, ధర తగ్గించే తాలు అన్న తరగతి లేదు. సమీక్షకుడు తూకం దగ్గర రాజీపడని మనిషి కనుక అందుకు ఒకటిన్నర మార్కులు కోశాడు.