"ఇండెక్స్ అవుట్ ఆఫ్ రేంజ్" అంటే చాలా? చాలదు

బెంగళూరు తెలుగు ఐటీ గ్రూపుల్లో ఈ మధ్య ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇంతే: అర్రే (వరసగా పేర్చిన విలువల పట్టిక) హద్దు దాటితే "ఇండెక్స్ అవుట్ ఆఫ్ రేంజ్" అని ప్రోగ్రాం ఆగిపోతే చాలు, ఇండెక్స్ (ఎన్నో గడి అని చెప్పే అంకె) ఎంత, సైజు ఎంత, ఏ అర్రే అని కూడా కంపైలరే (మన కోడ్‌ని మెషీన్ నడిపేలా మార్చే ప్రోగ్రాం) చెప్పాలనడం సోమరితనం; మెసేజ్ వివరంగా ఉంటే ప్రోగ్రాం స్లో అవుతుంది, లైన్ నంబర్ ఎలాగూ ఉంటుంది, డీబగ్గర్ (నడుస్తున్న ప్రోగ్రాంని ఆపి లోపల చూసే పనిముట్టు) ఉంది, పైగా లోపలి విలువలు బయటపడితే హ్యాకర్లకి పండగ. చివర్లో "నిజమైన ఇంజినీర్లు షేర్ చేయండి" అని ఒక తోక. షేర్ చేయను గానీ, జవాబు మాత్రం చెబుతా.

ముందు స్లో సంగతి. చెక్ అంటే ఇండెక్స్‌ని పొడవుతో పోల్చడం, హద్దు దాటితే పక్కకి దూకడం. అన్‌సైన్డ్‌గా (మైనస్ గుర్తు లేని అంకెలుగా) పోలిస్తే మైనస్ ఇండెక్స్ కూడా చాలా పెద్ద అంకెలా కనబడుతుంది కాబట్టి రెండు వైపులకీ ఒక్క పోలికే సరిపోతుంది. పోల్చాలంటే ఆ రెండు అంకెలూ అప్పటికే చేతిలో ఉండాలి కదా, వాటిని మెసేజ్‌లో రాసే పని జరిగేది దూకిన తర్వాత, అంటే ప్రోగ్రాం ఎలాగూ పడిపోతున్న దారిలో. లూప్ కోటిసార్లు సరిగ్గా తిరిగితే ఆ దారిలోకి ఒక్కసారి కూడా వెళ్లదు. చెక్‌కి అయ్యే ఖర్చు వేరు, మెసేజ్‌కి అయ్యే ఖర్చు వేరు, ఫార్వర్డ్ రాసినాయన రెండూ కలిపేశాడు. పోనీ చెక్ ఖర్చే చూద్దాం: గూగుల్ తన సీ++ కోడ్‌లో లైబ్రరీ స్థాయి బౌండ్స్ చెక్‌లు (ఈ హద్దు చెక్‌లే) పెట్టాక సగటున 0.30 శాతం వేగం తగ్గిందని 2024లో చెప్పింది. కొన్ని బిగుతైన లూపుల్లో ఇంకా ఎక్కువే పడుతుంది, కాదనను. అలాగే చిన్న మైక్రోకంట్రోలర్‌లో (పరికరాల్లో ఉండే బుల్లి చిప్) ఈ మెసేజ్ అక్షరాలు ఉన్న కాస్త ఫ్లాష్ మెమరీనీ తినేస్తాయి, అక్కడ ఆపేసుకోడానికి ఒక ఆప్షన్ ఇస్తే సరి.

లైన్ నంబర్ చాలన్న మాట దగ్గరే నాకు అసలు ఒళ్లు మండింది. ఒకే లైన్‌లో మూడు అర్రేలు ఉంటాయి, వాటిలో ఒకదాని ఇండెక్స్ ఇంకో అర్రే నుంచి వస్తుంది, ఏది తప్పింది? లూప్ లక్షసార్లు తిరిగితే ఎన్నోసారి తప్పింది? షుగర్ టెస్ట్ రిపోర్టులో అంకె వేయకుండా "ఎక్కువ ఉంది" అని రాసిస్తే ఒప్పుకుంటామా?

ఆ అంకెలే సగం రోగం చెప్పేస్తాయి. పొడవు 10, ఇండెక్స్ 10 అని వస్తే (లెక్క సున్నా నుంచి కాబట్టి చివరిది 9) ఎక్కడో "కంటే తక్కువ" బదులు "తక్కువ లేదా సమానం" రాశారని దాదాపు ఖాయం. పొడవు 0 అని వస్తే ఇండెక్స్ జోలికే వెళ్లక్కర్లేదు, డేటాయే రాలేదు, ఫైల్ ఖాళీయేమో చూడాలి. రస్ట్ భాషలో రిలీజ్ బిల్డ్‌లో (యూజర్లకి ఇచ్చే రూపం) ఇండెక్స్ 18446744073709551615 అని కనబడిందంటే సున్నాలోంచి ఒకటి తీసేస్తే అతి పెద్ద అంకెకి చుట్టుకుందన్నమాట, కోడ్ తెరవకముందే తెలిసిపోతుంది. ఉత్త "అవుట్ ఆఫ్ రేంజ్" అంటే ఈ మూడూ ఒకేలా కనిపిస్తాయి.

ఇదేదో నా గొంతెమ్మ కోరిక కాదు. జావా 8లో ఇండెక్స్ ఒక్కటే వచ్చేది, జావా 11 నుంచి పొడవు కూడా చెబుతోంది. గో భాష 1.13లో రెండూ చేర్చారు. ఫోర్ట్రాన్ భాష కంపైలర్ జీఫోర్ట్రాన్‌లో బౌండ్స్ చెక్ ఆన్ చేస్తే అర్రే పేరు, ఎన్నో డైమెన్షన్, ఏ హద్దు దాటింది అన్నీ చెబుతుంది. ఫోర్ట్రాన్‌లో అర్రే -5 నుంచి 5 దాకా కూడా ఉండొచ్చు కాబట్టి అక్కడ సైజు 11 అని చెప్పినా ఉపయోగం లేదు, హద్దే చెప్పాలి. పైథాన్ 3.11 లైన్‌లో ఏ ముక్క తప్పిందో గుర్తు పెట్టి చూపిస్తుంది, సంతోషం, కానీ లిస్ట్ అయితే ఇండెక్స్ ఎంతో, పొడవు ఎంతో చెప్పదు. అదే పైథాన్ లెక్కల లైబ్రరీ నమ్‌పై యాక్సిస్‌తో (ఎన్నో డైమెన్షన్) సహా చెబుతుంది.

ఇక డీబగ్గర్. శుక్రవారం రాత్రి మారతహళ్లిలో విజయవాడ బస్సు కోసం బ్యాగు పట్టుకుని నిలబడితే కస్టమర్ దగ్గర్నుంచి లాగ్ స్క్రీన్‌షాట్ ఒకటి వస్తుంది; డీబగ్గర్ ఎక్కడ తగిలించమంటారు అన్నా? ఆ డేటా మనకి ఇవ్వరు, ఆ సర్వర్ ముట్టుకోనివ్వరు. స్టాక్ ట్రేస్ (ఏ ఫంక్షన్ నుంచి ఏ ఫంక్షన్‌కి వెళ్లి పడిందో చూపే జాబితా) ఉంటుందిగా అంటారా, జావా ప్రోగ్రాంలని నడిపే హాట్‌స్పాట్‌లో ఒకే చోట అదే ఎక్సెప్షన్ (ఎర్రర్ సంకేతం) పదేపదే పడుతుంటే కొంతసేపటికి జేఐటీ (నడుస్తుండగానే కోడ్‌ని వేగంగా మార్చే కంపైలర్) ముందే తయారుచేసి పెట్టుకున్న ఎక్సెప్షన్‌ని విసరడం మొదలెడుతుంది, అందులో ట్రేసూ ఉండదు, మెసేజూ ఉండదు. దాన్ని ఆపడానికి ఒక ఫ్లాగ్ (సెట్టింగ్) ఉంది, కానీ చాలామందికి దాని సంగతి తెలిసేది పాత లాగ్ చెరిగిపోయాకే.

"నిజమైన ఇంజినీర్లు" అన్నారు కాబట్టి ఒక ముక్క. 1960ల్లో ఇలియట్ కంపెనీ వారి ఆల్గాల్ భాష కంపైలర్ ప్రతి ఇండెక్స్‌నీ చెక్ చేసేది. వేగం కోసం ఆ చెక్ తీసేసుకునే ఆప్షన్ ఇవ్వమంటారా అని అడిగితే కస్టమర్లందరూ ఒకే మాటగా వద్దన్నారని దాని తయారీని నడిపిన టోనీ హోర్ 1980 ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో చెప్పారు. వాళ్లు సోమరులు కారు, తమ ప్రోగ్రాంలు ఎన్నిసార్లు ఇక్కడే తప్పుతాయో బాగా తెలిసినవాళ్లు.

హ్యాకర్ల భయం కాస్త నిజమే, యూజర్ స్క్రీన్ మీద ఇండెక్సులు చూపించకూడదు. లాగ్‌లో పెట్టండి, యూజర్‌కి "ఏదో పొరపాటు జరిగింది" అని చూపించండి, ఇందులో కంపైలర్ తప్పేముంది? 2014లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపంలో ఒక్కో రిక్వెస్టుకి 64 కిలోబైట్ల దాకా సర్వర్ మెమరీ బయటికి పోయింది. అక్కడ చెక్కే లేదు, ఎర్రర్ మెసేజ్ ఒక్కటి కూడా రాలేదు.