ఎక్కడ తింటామో తేల్చండి ముందు!

బరంపురం నుంచి రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లాలంటే కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో బెర్తులు దొరకడం ఒక ఎత్తు, అక్కడ ఎక్కడ తినాలో మా ఇంట్లో తేలడం ఇంకో ఎత్తు. 1666 ఎకరాల జాగా, బస్సెక్కి తిరగాలి. ఆకలేసిన చోట తినేస్తే పోలా? అబ్బే! కార్తీకమని అమ్మకి ఉల్లీ వెల్లుల్లీ పనికిరావు. వదిన ఒడియా వాళ్లమ్మాయి, ఈ నెలంతా నీచు ముట్టదు. మావయ్యకేమో బిర్యానీయే కావాలి, హైదరాబాద్ దాకా పోయి పప్పన్నమేంటని గోల. నాన్నగారు పులిహోర మూట కట్టమంటారు, దానితో అప్పడాలు కూడానట! మన ఊరి అప్పడాలకి ఎంత పేరుంటే మాత్రం, పార్కులో ఎవరు వేయించి పెడతారండీ?

తమ్ముడు ఫోన్లో రివ్యూలు చదువుతాడు. ఒకడు అద్భుతం అంటాడు, కిందవాడు దండగ అంటాడు. పదకొండున్నరకే తినేద్దాం, లైనుండదు అంటే ఒక్కరూ వినరు, 'అప్పుడే ఆకలేంటి' అంటారు. ఒంటిగంటకి జనమంతా ఎగబడ్డాక అందరికీ ఒకేసారి ఆకలి! అవతల షో మొదలైపోతుంటే మా వాళ్లింకా మెనూ బోర్డు కింద మీటింగు పెడతారు, నన్ను మాత్రం లైన్లో నిలబెట్టి.